గ్లిప్టిన్లన్నీ ఒకటి కావు: ఎవరికి ఏది, ఎందుకు

షుగర్ చీటీల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌ల పక్కన ఇప్పుడు ‘గ్లిప్టిన్’ అని ముగిసే పేరు ఒకటి తరచూ కనిపిస్తోంది. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మందుల షాపుల్లో వీటిని సీటా, విల్డా, లీనా, టెనెలి అని పొట్టిగా పిలుస్తారు. “ఏటి బాబూ, పోయిన నెల విల్డా ఇచ్చారు, ఇప్పుడు టెనెలి అంటున్నారు, రెండూ ఒకటేనా?” అని పెద్దవాళ్లు అడిగితే, “ఒకటేనండీ, కంపెనీ వేరు” అన్న జవాబు చాలాసార్లు విన్నాను. అది తప్పు జవాబు. ఒకే మందు ఇంకో కంపెనీది ఇస్తే ఇబ్బంది లేదు. విల్డా బదులు టెనెలి ఇస్తే మాత్రం మందే మారినట్టు. ఒక సెలైన్ బాటిల్ బదులు ఇంకో సెలైన్ బాటిల్ ఇవ్వడం లాంటిది కాదు ఇది.

ఫార్మసీ పిల్లలకు ఏళ్లుగా మందుల రసాయనం చెబుతున్నాను కాబట్టి ఈ పోలికను నిర్మాణం వైపు నుంచే చేస్తాను. గ్లిప్టిన్లు షుగర్‌ను ఎంత తగ్గిస్తాయన్న దాంట్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ అణువు తాను ఆపాల్సిన ఎంజైమ్‌ను ఎలా పట్టుకుంటుంది, ఒంట్లోంచి ఏ దారిన బయటికి పోతుంది అన్న రెండు విషయాల్లో ఉంది. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది కూడా అదే.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం. మనం అన్నం తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అది క్లోమాన్ని ఇన్సులిన్ వదలమంటుంది, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడే గట్టిగా పనిచేస్తుంది. చిక్కేమిటంటే డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని నిలవనివ్వదు. హార్మోన్ గొలుసు మొదట్లో ఉన్న హిస్టిడీన్, అలనీన్ అనే రెండు అమైనో ఆమ్లాలను కలిపి కత్తిరించేస్తుంది. రెండో స్థానంలో అలనీన్ గానీ ప్రోలీన్ గానీ ఉంటే ఈ ఎంజైమ్‌కు బాగా అనువు. దాంతో రక్తంలో జీఎల్‌పీ-1 సగం ఆయుష్షు, అంటే ఉన్నదాంట్లో సగం పోవడానికి పట్టే సమయం, ఒకటి రెండు నిమిషాలే. గ్లిప్టిన్ వెళ్లి ఆ ఎంజైమ్‌లో కోత జరిగే గుంటలో కూర్చుంటుంది. కోత ఆగుతుంది, మన హార్మోనే మరికాస్త సేపు బతికి పనిచేస్తుంది. గ్లిప్టిన్ ఒక్కటే వేసుకునేవాళ్లలో షుగర్ మరీ పడిపోవడం అరుదు కావడానికి కారణం ఇదే. గ్లిమెపిరైడ్‌తో గానీ ఇన్సులిన్‌తో గానీ కలిపితే మాత్రం ఆ భరోసా ఉండదు.

ఆ గుంటలో మూడు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎంజైమ్ గొలుసులో 205, 206 స్థానాల్లో రెండు గ్లుటమిక్ ఆమ్లాలు ఉన్నాయి. హార్మోన్ మొదట ఉండే అమైన్‌ను (నైట్రోజన్ ఉన్న గుంపు) పట్టి నిలిపేవి ఇవి. అందుకే ప్రతి గ్లిప్టిన్‌లోనూ ఎక్కడో ఒక అమైన్ తప్పకుండా ఉంటుంది. ఎస్1 అనే చిన్న గది ఒకటి ఉంది, ప్రోలీన్ పట్టేంత జాగా. ఆ గది పక్కనే 630వ సెరీన్. అసలు కోత కోసేది అదే. ఈ మూడింటినీ ఎవరు ఎలా వాడుకున్నారన్న దాన్నిబట్టి గ్లిప్టిన్లు వేరువేరు దారులు పట్టాయి.

విల్డా, సాక్సా: ఎంజైమ్‌కు తగులుకునేవి

విల్డాగ్లిప్టిన్, సాక్సాగ్లిప్టిన్ ప్రోలీన్‌ను అనుకరిస్తాయి. ప్రోలీన్ వలయం లాంటి పైరోలిడీన్, దాని మీద ఒక నైట్రైల్ (కార్బన్, నైట్రోజన్ మూడు బంధాలతో కలిసిన గుంపు). ఆ నైట్రైల్‌లోని కార్బన్‌కు 630వ సెరీన్ ఆక్సిజన్ వెళ్లి తగులుకుంటుంది, నిజమైన రసాయన బంధమే ఏర్పడుతుంది. శాశ్వతం కాదు, మెల్లగా విడిపోతుంది. విల్డా రక్తంలో సగం ఆయుష్షు మూడు గంటలకు మించదు. అయినా ఎంజైమ్‌కు పట్టుకున్న భాగం వల్ల పని చాలా గంటలు సాగుతుంది. అలాగని రోజంతా కూడా కాదు. అందుకే 50 మి.గ్రా. ఉదయం, 50 మి.గ్రా. రాత్రి.

విశేషం ఏమిటంటే, డీపీపీ-4 ఈ మందును కూడా కొంతవరకు తానే విరగ్గొడుతుంది. తనను ఆపడానికి వచ్చినదాన్ని కూడా కత్తిరించాల్సిన గొలుసు అనుకున్నట్టే పని మొదలుపెడుతుంది, మెల్లగా ముగిస్తుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసు మొత్తం తలెత్తి చూస్తుంది.

ఈ నిర్మాణానికి ఒక బలహీనత ఉంది, విశాఖలో ఉండేవాళ్లు దాన్ని కచ్చితంగా తెలుసుకోవాలి. ఒకే అణువులో అమైన్, నైట్రైల్ రెండూ ఉన్నాయి కదా. ఆ అమైన్ వెనక్కి వంగి సొంత నైట్రైల్ మీదే దాడి చేయగలదు. అలా జరిగితే అణువు వలయంగా ముడుచుకుపోతుంది, ఇక ఎంజైమ్ మీద పనిచేయదు. దీన్ని అడ్డుకోవడానికే అమైన్ పక్కన అడమాంటేన్ అనే పెద్ద పంజరాన్ని పెట్టారు. లావుగా ఉండటంతో వంగడం కష్టమవుతుంది. కష్టమవుతుందే తప్ప పూర్తిగా ఆగదు, తేమ, వేడి తోడైతే ఇంకా సులువు. అందుకే విల్డా మాత్రను అసలు ప్యాకింగ్‌లోనే, తేమ తగలకుండా ఉంచమని దాని మీదే రాసి ఉంటుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు ముద్దగా ఉంటుంది, ఆ గాలి ఎలాంటిదో మనకు తెలుసు. వారానికి సరిపడా మాత్రలు స్ట్రిప్ నుంచి విప్పి ప్లాస్టిక్ గళ్ల డబ్బాలో నింపే అలవాటు మన పెద్దవాళ్లలో చాలామందికి ఉంది. పిల్లలు విదేశాల నుంచి ఆ డబ్బాలు పంపిస్తారు కూడా. విల్డాతో ఆ పని వద్దు. డబ్బా వాడక తప్పదంటే స్ట్రిప్‌ను మాత్ర చుట్టూ రేకుతో సహా కత్తిరించి గడిలో పెట్టండి.

విల్డా ఎవరికి బాగుంటుంది? మెట్‌ఫార్మిన్ ఎలాగూ రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నవాళ్లకు. విల్డా 50, మెట్‌ఫార్మిన్ 500 కలిపిన మాత్ర టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి అంటే రెండింటి సమయాలూ కుదురుతాయి. లివర్ సమస్య ఉన్నవాళ్లకు కుదరదు. మొదలుపెట్టే ముందు ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు పరీక్ష) చేయించాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి చూడాలి. ఆ పరీక్షలో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ మామూలు పరిమితికి మూడు రెట్లు దాటి ఉంటే ఈ మందు మొదలే పెట్టకూడదు. కిడ్నీ పని ఓ మాదిరి నుంచి ఎక్కువ వరకు తగ్గితే రోజుకు ఒక్క 50 మి.గ్రా.తో సరిపెట్టాలి. ఈ మందుకు 2007లో యూరప్‌లో అనుమతి వచ్చింది, అమెరికాలో మాత్రం లేదు. అక్కడి పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు పూర్తి కాలానికి మందు వెంట తీసుకెళ్లాలి, అక్కడ షాపులో దొరకదు.

సాక్సా గురించి చిన్న మాట. రోజుకు 5 మి.గ్రా. ఒకసారి సరిపోతుంది, లివర్‌లో విరిగాక వచ్చే ముక్క కూడా పనిచేస్తుంది. కానీ 2013లో వచ్చిన సేవర్ ట్రయల్‌లో 16 వేల పైచిలుకు రోగులను గమనిస్తే, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం సాక్సా వేసుకున్నవాళ్లలో 3.5 శాతం, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో 2.8 శాతం. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ సాక్సా, అలోగ్లిప్టిన్ రెండింటి మీదా హెచ్చరిక చేర్చింది. నిర్మాణం చూసి ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు, రసాయనానికి ఉన్న హద్దు అది. కాళ్లు వాచేవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, గుండె పంపింగ్ తక్కువని చెప్పించుకున్నవాళ్లు సాక్సా జోలికి వెళ్లకపోవడమే నయం. మిగతా మంచి గ్లిప్టిన్లు ఉండగా దీన్నే పట్టుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

సీటా: కిడ్నీ మీద ఆధారపడ్డది

సీటాగ్లిప్టిన్ 2006 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొందిన మొదటి గ్లిప్టిన్. ఇందులో నైట్రైల్ లేదు. మూడు ఫ్లోరిన్లున్న ఫినైల్ వలయం ఎస్1 గదిలో దూరుతుంది, అమైన్ రెండు గ్లుటమిక్ ఆమ్లాల మధ్య ఆనుకుంటుంది, రెండో చివర ఉన్న ట్రయజోలోపైపరజీన్ వలయం 357వ ఫినైల్ అలనీన్ మీద ఆనుతుంది. ఎక్కడా గట్టి బంధం లేకుండా అన్నీ కలిసి పట్టి ఉంచుతాయి. ముడుచుకుపోయే గొడవ లేదు, నిల్వకు మంచిది.

అమైన్ ఏ వైపుకు ఉందన్నది ఇక్కడ ప్రాణం. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అన్నట్టు ఉండే రెండు రూపాల్లో ఆర్ రూపమే ఎంజైమ్‌కు సరిగ్గా కుదురుతుంది. ఆ ఒక్క రూపాన్ని తయారుచేయడానికి మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు మార్పులు చేసిన ఒక ఎంజైమ్‌ను వాడే పద్ధతి కనిపెట్టాయి, 2010లో దానికి అమెరికా హరిత రసాయన పురస్కారం వచ్చింది. ఎంజైమ్‌ను ఆపే మందును మరో ఎంజైమ్‌తో తయారుచేయడం. మన పిల్లలు పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగానికి వెళ్తే, ఇలాంటి మందుల్లో తప్పు రూపం ఎంత ఉందో హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మీద చూడటం వాళ్ల రోజువారీ పని.

ఇక బయటికి పోయే దారి. సీటాలో సుమారు 80 శాతం ఏ మార్పూ లేకుండా మూత్రంలో పోతుంది. లివర్‌కు బరువు లేదు, కానీ కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. క్రియాటినిన్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని, కిడ్నీ ఎంత వడగడుతోందో చెప్పే ఒక అంకె ఉంటుంది చూడండి. అది 45 లేదా అంతకంటే ఎక్కువైతే 100 మి.గ్రా., 30 నుంచి 45 మధ్య అయితే 50, 30 కంటే తక్కువైతే 25. చాలామంది ఏళ్ల తరబడి అదే 100 వేసుకుంటూ పోతారు, మధ్యలో క్రియాటినిన్ చూడరు. సీటా వేసుకునేవాళ్లు కనీసం ఏడాదికోసారైనా ఆ పరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరుగారి ముందు పెట్టాలి.

గుండె విషయంలో సీటా మీద నాకు నమ్మకం ఎక్కువ. 2015లో వచ్చిన టెకోస్ ట్రయల్‌లో 14,671 మందిని చూశారు, గుండె వైఫల్యం పెరగలేదు.

లీనా: కిడ్నీతో పని లేనిది

లినాగ్లిప్టిన్ నడుమ ఉన్న వలయం జాంథీన్. కాఫీలోని కెఫీన్ కూడా ఆ కుటుంబమే. ఆ జాంథీన్ చుట్టూ తగిలించిన గుంపుల వల్ల ఇది గుంటలో చాలా బలంగా కూర్చుంటుంది. ఎంజైమ్‌ను సగం ఆపడానికి సీటా 18 నానోమోలార్ (మందు గాఢతకు కొలత) కావాల్సి వస్తే, దీనికి 1 సరిపోతుంది. రక్తంలో తిరిగే డీపీపీ-4కే అతుక్కుని ఉంటుంది కాబట్టి కిడ్నీ దాన్ని వడగట్టేది తక్కువ. ఎక్కువ భాగం పిత్తం ద్వారా పేగుల్లోకి, అక్కణ్నుంచి మలంలోకి పోతుంది. మూత్రంలో పోయేది 5 శాతమే. అందుకే 5 మి.గ్రా. ఒక్క మోతాదే. కిడ్నీ ఏ దశలో ఉన్నా దాన్ని మార్చక్కర్లేదు.

విశాఖలో ఈ సంగతికి ఉన్న బరువు వేరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో కేజీహెచ్‌కు వచ్చే కుటుంబాలను చూస్తూనే ఉన్నాం. అక్కడి కిడ్నీ జబ్బుకు షుగర్ కారణం కాదు. కానీ ఆ రోగుల్లో షుగర్ కూడా ఉన్నవాళ్లుంటారు. వాళ్లకు మోతాదు లెక్కలు లేని మాత్ర ఎంత ఊరటో ఊహించండి. కార్మెలీనా ట్రయల్‌లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లనే ఎక్కువగా చేర్చుకుని చూశారు, 2018లో ఫలితాలు వచ్చాయి, గుండె వైఫల్యం పెరగలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త మాత్రం ఉంది. లీనాతో మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర చూసి ‘లీనాయే కదా, కిడ్నీకి ఫరవాలేదు’ అనుకోకూడదు. ఈజీఎఫ్ఆర్ 30 కిందికి వస్తే మెట్‌ఫార్మిన్ ఆపాలి. అప్పుడు కలిపిన మాత్ర పనికిరాదు, విడి లీనా కావాలి.

రెండో జాగ్రత్త టీబీ మందులతో. రిఫాంపిసిన్ వేసుకుంటే లీనా రక్తంలో బాగా తగ్గిపోతుంది, పని సరిపోదు. షుగర్, టీబీ కలిసి వచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. టీబీ మందులు మొదలుపెట్టేటప్పుడు షుగర్ చీటీ కూడా చూపించండి.

టెనెలి: తక్కువ ధరది

టెనెలిగ్లిప్టిన్‌లో ఐదు వలయాలు వరుసగా ఉంటాయి, పెద్దగా వంగని గట్టి నిర్మాణం. గుంటలోకి వెళ్లేటప్పుడు ఆకారం మార్చుకోవాల్సిన అవసరం తక్కువ, అందుకే పట్టు బలంగా ఉంటుంది. సగం ఆయుష్షు 24 గంటలు. రోజుకు 20 మి.గ్రా. ఒకసారి. లివర్, కిడ్నీ రెండు దారులా పోతుంది కాబట్టి కిడ్నీ బలహీనంగా ఉన్నా మోతాదు మార్చక్కర్లేదు. 2012లో జపాన్‌లో మొదలై 2015లో మన దేశంలోకి వచ్చింది. వచ్చినప్పుడు మిగతా గ్లిప్టిన్ల కంటే బాగా చవక. ఎంతోమందికి మొదటిసారి గ్లిప్టిన్ అందింది దీనివల్లే, ఆ మేలును నేను తక్కువ చేసి చెప్పను.

అయితే సీటా, లీనాలకు ఉన్నట్టు వేలమంది మీద గుండె ఫలితాలు చూసిన పెద్ద అంతర్జాతీయ ట్రయల్ బలం దీనికి లేదు. అమెరికా, యూరప్ అనుమతులూ లేవు. మామూలు మోతాదుకు ఎనిమిది రెట్లు, 160 మి.గ్రా. ఇచ్చి చూసినప్పుడు ఈసీజీలో క్యూటీ అనే భాగం సాగింది. 20 మి.గ్రా. దగ్గర ఆ భయం లేదు కానీ, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లు, ఆ లయకు మందులు వాడేవాళ్లు, పొటాషియం తగ్గినవాళ్లు దీన్ని అడిగి వేసుకోవాలి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకూ సరికాదు.

ఇప్పుడు ధరల లెక్క మారింది కూడా. విల్డా పేటెంట్ 2019 డిసెంబరులో, సీటాది 2022 జులైలో, లీనాది 2023 ఆగస్టులో మన దేశంలో ముగిశాయి. సీటా 2022లోనే జన్ ఔషధి షాపుల్లోకి వచ్చింది, అప్పుడు 50 మి.గ్రా. పది మాత్రలు 60 రూపాయలు, 100 మి.గ్రా.వి పది 100 రూపాయలు. కాబట్టి ధర ఒక్కటే చూసి టెనెలి తీసుకుంటున్నవాళ్లు, గుండె జబ్బు కూడా ఉంటే, సీటా గానీ లీనా గానీ కుదురుతుందేమో డాక్టరుగారిని ఒకసారి అడగండి.

మి.గ్రా. చూసి బలం కొలవొద్దు

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. “100 పవర్ వేసుకునేదాన్ని, ఇప్పుడు 5కి దించేశారు. సరిపోతుందాండీ?” సీటా నుంచి లీనాకు మారినవాళ్లకు ఈ టెన్షన్ సహజం. కొందరు నమ్మకం కుదరక రెండు లీనాలు వేసేసుకుంటారు. ఆ పని చేయకండి. మి.గ్రా. అనేది ఆ అణువు ఎంజైమ్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఒంట్లో ఎంతసేపు ఉంటుంది అన్నదాన్నిబట్టి పెట్టిన తూకం. గట్టిగా పట్టేదానికి తక్కువ తూకం చాలు, అంతే. 18 నానోమోలార్, 1 నానోమోలార్ అన్న తేడా మూడు నెలల షుగర్ మీదకు రాదు. సరైన మోతాదులో ఏ గ్లిప్టిన్ అయినా ఎంజైమ్‌ను చాలావరకు ఆపేస్తుంది, అంతకుమించి ఆపడానికి మిగిలేది కొద్దే. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) తగ్గడం దేనితోనైనా ఇంచుమించు 0.5 నుంచి 0.8 శాతం మధ్య. బరువు పెరగదు, తగ్గదు.

పట్టు బలం కంటే కంపెనీలు ఎక్కువ తిప్పలు పడ్డది మరో విషయానికి. డీపీపీ-8, డీపీపీ-9 అని దగ్గరి బంధువుల్లాంటి ఎంజైమ్‌లు ఉన్నాయి. వాటిని కూడా ఆపేసే అణువులు జంతువుల్లో చర్మానికి, రక్తానికి, పేగులకు హాని చేశాయి. సీటా ఆ రెండింటినీ దాదాపు ముట్టుకోదు. ఎస్1 గదిలోనూ దాని పక్క జాగాల్లోనూ సరిగ్గా ఇమిడేలా అణువును మలిచిన కష్టానికి ఫలితం అది.

కాబట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. కిడ్నీ బాగుంటే, రోజుకు ఒక్క మాత్ర కావాలంటే సీటా. మెట్‌ఫార్మిన్ రెండుపూటలా ఉండి లివర్ బాగుంటే విల్డా. కిడ్నీ తగ్గిందని తెలిసినా, తగ్గే అవకాశం ఉన్న పెద్ద వయసువాళ్లైనా, పరీక్షలకు తరచూ రాలేని దూరపు ఊళ్లవాళ్లైనా లీనా. డబ్బుకు బాగా ఇబ్బంది ఉండి గుండె లయ బాగుంటే టెనెలి. వీటిలో ఏదైనా మార్చేది చీటీ రాసిన డాక్టరే, షాపు కౌంటర్ దగ్గర కాదు. ఏది వేసుకున్నా నడుముకు పాకే తీవ్రమైన కడుపునొప్పి, కొత్తగా గట్టి కీళ్లనొప్పులు, చర్మం మీద నీటి బొబ్బలు వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

అసలు గ్లిప్టినే సరైనది కాని సందర్భాలూ ఉన్నాయి. బరువు తగ్గాల్సినవాళ్లకు, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు, మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు గానీ సెమాగ్లూటైడ్ లాంటివి గానీ ఎక్కువ మేలు చేస్తాయని రుజువులున్నాయి. సెమాగ్లూటైడ్ ఇదే చిక్కును రెండో వైపు నుంచి విప్పింది. ఎంజైమ్‌ను ఆపే బదులు హార్మోన్‌నే మార్చారు. ఆ గొలుసు రెండో స్థానంలో అలనీన్ తీసేసి, ఒక మిథైల్ ఎక్కువున్న అమైనో ఆమ్లం పెట్టారు. ఆ ఒక్క మిథైల్ అడ్డుతో డీపీపీ-4 దాన్ని కోయలేదు. కోత లేనప్పుడు కోతను ఆపే మాత్రతో పనేముంది? సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ మొదలయ్యాక కూడా చీటీలో గ్లిప్టిన్ కొనసాగుతుంటే, అది ఉండాలా తీసేయాలా అని ఆ రోజే అడగండి.